నీళ్లు సల్లి ఏరిన కుక్కపిల్ల

గంగారాం కుక్కపిల్లల మీద నీళ్లు సల్లిండు.

సూరత్ ఇడిసి కామ్రేజ్ దాటినంక, చెరుకు తోటల నడుమ ఒక ఫారం ఉన్నది. రేకుల షెడ్డు, సుట్టూ ఇనుప జాలి. జాలి లోపట ఐదు పిల్లలు. నల్లటియి, ఒక్కో కన్ను మీద పసుపుబొట్టు పెట్టినట్టు ఒక్కో సుక్క, ఎలుగుబంటి పిల్లల్లెక్క బొద్దుగ ఉన్నయి. రాట్‌వీలర్ జాతి అంటరు. గంగారాం పెండ్లాం ఊర్మిళ, కాలేజి సదివే బిడ్డ సంధ్యారాణి జాలి బయట నిలవడ్డరు. గంగారాం సంచిలకెళ్లి నీళ్ల సీస తీసిండు. మూత ఇప్పి దోసిట్ల వోసుకున్నడు. ఐదింటి మీద సల్లిండు.

కుక్కలమ్మే భాయి నోరు తెరిసిండు. "అరె కాకా, క్యా కర్ రహే హో?"

"జర ఆగు భాయి, దేఖో" అన్నడు గంగారాం.

ఊర్మిళకు సమజైంది. నెత్తి కొట్టుకున్నది. వాళ్లది జగిత్యాల దిక్కు ఊరు. ఆడ పోచమ్మకు యాటను ఇచ్చేటప్పుడు దాని మీద నీళ్లు సల్లుతరు. యాట ఒళ్లు దులిపిందంటే అమ్మవారు ఒప్పుకున్నట్టు. దులపకుంటే మళ్ల సల్లుతరు, బతిమాలుతరు. దులిపేదాక కత్తి లేవది.

"ఓ సంధ్య నాయినా, దాన్ని ఏమన్న కోస్తవా ఏంది?" అన్నది ఊర్మిళ.

"కోసుడు కాదే. ఏది గట్టిగ దులుపుతదో దాంట్ల జీవమున్నట్టు. గొర్లను ఏరినోనికి కుక్కను ఏరుడు రాదా?"

మూడు పిల్లలు దులుపుకొని తల్లి కడుపు కిందికి ఉరికినయి. ఒకటి ఆడపిల్ల, ఎనుక గోడకు పండుకున్నది. ఒక్క కన్ను తెరిసింది, మూతి తుడుసుకున్నది, మళ్ల నిద్రవోయింది. ఐదోది మాత్రం నాలుగు కాళ్లు పాతినట్టు నిలవడి, తల నుంచి తోకదాక ఒక్క దులుపు దులిపింది. దులిపి, సీదా గంగారాం మీదికి అచ్చి సీస మూతిని పండ్లతోని పట్టుకున్నది. గుంజితే ఇడువది. ఎత్తితే సీసతోని పాటు లేసింది.

"ఇదే" అన్నడు గంగారాం.

భాయి తల అడ్డం ఊపిండు. "కాకా, ఇంతకుముందు ఎప్పుడన్న కుక్కను పెంచినవా?" అని హిందీల అడిగిండు.

"లే. ఇదే మొదలు."

"మరి నా మాట ఇను. ఎనుక పండుకున్నది సూడు, అది తీస్కపో. చెప్పినట్టు ఇంటది. ఇది పట్టిన పట్టు ఇడువది. దీనికి ఉస్తాద్ కావాలె."

"నేను సాంచల మాస్టర్‌ను" అన్నడు గంగారాం. సాంచలంటే గుడ్డ నేసే కరెంటు మగ్గాలు. సీసను పట్టుకొని ఏలాడుతున్న పిల్లను సంకల పెట్టుకున్నడు.

అసలు వాళ్లకు కుక్క ఎందుకు అవసరం పడ్డదంటే, సూరత్‌ల డిండోలి బస్తిల వాళ్ల ఇల్లు గల్లీ కొసకు ఉంటది. పక్కకు ఖాళీ ప్లాటు. ఊర్మిళ ఇంట్ల కూసొని చీరెలకు స్టోన్లు అతికిస్తది. పొద్దుగాల టెంపోవాడు చీరెల మూట అరుగు మీద ఏసి పోతడు. ఒకనాడు కుక్కర్ బంద్ చేసి అచ్చేవరకు మూట లేదు. నెల తిరగకముందే ఇంకో మూట. అప్పటిసంది ఊర్మిళకు పాల పాకిట్ కోసం దుకాణం దాక పోవాలన్నా పానం కొట్టుకునేది.

సంధ్యారాణి ఫోనుల సదివి చెప్పనే చెప్పింది. "బాపు, మొదటిసారి పెంచేటోళ్లకు రాట్‌వీలర్ వద్దంటున్నరు. అది దాని మాటే నెగ్గాలంటదట. రోజు ఒక్కటే తీరుగ చెప్పాలట, అరవద్దట. ప్లీజ్, లాబ్రడార్ తెద్దాం. లేకుంటే మన గల్లీ కుక్కపిల్లనే పెంచుదాం."

గంగారాం ఇనలే. జోల్వ అనే ఊర్ల ఆయన పనిచేసే కార్ఖాన గేటు కాడ సేట్‌ది ఒక రాట్‌వీలర్ ఉంటది. లారీ మీదికి అచ్చినా కదలది. సేట్ కన్ను ఎగరేస్తే లేస్తది, కన్ను దించితే కూసుంటది. ఏడేండ్ల సంది గంగారాం పోతా అస్తా దాన్నే సూస్తున్నడు. తనకు కుక్క అంటే గదే.

"పదిహేడు నంబరు సాంచ యాదికున్నదా?" అన్నడు బిడ్డతోని. "నలుగురు ఇడిసిపెట్టి పోయిండ్రు. దాన్ని ఎవడు దారికి తెచ్చిండు?"

"సాంచకు పండ్లు ఉంటయా?" అన్నది ఊర్మిళ, మూతి తిప్పుకుంట.

భాయి ఇచ్చిన కాయితంల కుక్కపేరు బారెడు ఇంగ్లీషుల ఉన్నది. ఊర్మిళకు నోరు తిరుగలే. రెండు బుగ్గలు కిందికి జారి ఉంటయని "బుగ్గడు" అన్నది. అదే పేరు నిలిసింది.

బుగ్గడు ఎట్ల పెరిగిండంటే, పొద్దున సూసినోడు మాపటికి ఇంత పొడుగు అనిపిచ్చేది. ఆర్నెల్లకు సంధ్యారాణి ఒక్కతి పట్టుకుంటే ఆగకపోయేది. ఎనిమిది నెలలకు గంగారామే రెండు చేతులతోని పట్టుకునుడు అయింది. మూటలు మాత్రం మళ్ల పోలే. టెంపోవాడు మూటను అరుగు మీద ఏసుడు ఇడిసిపెట్టి, గేటు బయటికెళ్లే లోపటికి ఇసిరేసుడు షురూ చేసిండు.

అయితే బుగ్గడు చెప్పిన మాట ఇనడు. గంగారాం "కూసో!" అంటడు. ఆయన కూసో అంటే గల్లీ మొదట్ల కిరాణం కొట్టోడు సుత ఉలిక్కిపడుతడు. గంత గొంతు. బుగ్గడు ఒకపారి మొఖం సూస్తడు, ఇంకోపారి గోడ దిక్కు సూస్తడు. "కూసోమన్న గదరా!" అని ఇంకింత జోరుగ అరుస్తడు. కుక్క తల పక్కకు తిప్పి ఆవులిస్తది.

"సూసినవా వాని పొగరు? నన్ను సూసి ఆవులిస్తున్నడు."

"బాపు, ఆవులిచ్చుడు పొగరు కాదు. వాడు గాబరా పడుతున్నడు. నువ్వు మెల్లగ చెప్పు."

"ఆఁ?"

"మెల్లగ!"

"మెల్లగ చెప్తే ఇంటదా అది? మొండి జాతి."

మాస్టర్ కాబట్టి గంగారాంకు ఒక నమ్మకం. ఏదన్న మాట ఇంటలేదంటే ఇంకింత బిగియ్యాలె. సాంచల నట్టు బిగిస్తడు. కుక్కకు బెల్టు బిగిచ్చిండు. బిగిచ్చినకొద్ది బుగ్గడు ముంగటికి గుంజుడు ఎక్కువైంది.

కుక్కను పెంచాలంటే కార్పొరేషన్‌ల కాయితం చేసుకోవాలె. ఇరుగుపొరుగోళ్లు పదిమంది మాకేం అడ్డం లేదని సంతకాలు పెట్టాలె. సంధ్యారాణి గల్లీ అంత తిరిగి తొమ్మిదిమందితోని పెట్టిచ్చింది. పదోది ఎదురింటి కనకవ్వది. కనకవ్వ డెబ్బయి ఏండ్ల మనిషి. నలభై ఏండ్ల కింద మొగనితోని సూరత్ అచ్చి, కార్ఖానలల్ల నూలు కండెలు పట్టి ఇల్లు నిలవెట్టుకున్నది. మొగడు పోయినా ఎవరికీ తల వంచలే. మనుమరాలి పెండ్లికి ఊరికి పోయి ఉండె. అచ్చినంక ఏలిముద్ర ఏస్తనని ఫోనుల చెప్పింది.

అచ్చిన తెల్లారే గడబిడ అయింది.

పొద్దున ఏడు గంటలు. గంగారాం బుగ్గన్ని బయటికి తీస్కపోయి ఇంటికి మలుపుతున్నడు. కుక్క పక్కన నెమ్మదిగనే నడుస్తున్నది. సప్పుడు లేదు, ఏం లేదు. గంగారాం మనుసు కార్ఖాన మీద ఉన్నది. గల్లీ మూల తిరిగేవరకు కనకవ్వ ఎదురువడ్డది. చేతుల సర్వపిండి పల్లెం, మీద గుడ్డ. ఊర్మిళకు ఇద్దామని అస్తున్నది. ఆమె ఆగింది. గంగారాం నవ్వుకుంట ముంగటికే నడిసిండు. ఒక్కపారి బెల్టు చేతులకెళ్లి జారింది. బుగ్గడు ముంగటి రెండు కాళ్లు కనకవ్వ రొమ్ము మీద పెట్టిండు. ఆమె ఎల్లెలుకల పడ్డది. పల్లెం మోరీల పడ్డది.

కొరకలే. అది నిజం. మీద నిలవడి మొఖంల మొఖం పెట్టి సూసిండు అంతే. కానీ కనకవ్వ కుడి మణికట్టు అప్పటికప్పుడు ఉబ్బింది.

నలుగురు జమైండ్రు. గంగారాం కుక్కను గుంజి గేటుకు కట్టేసి, ఉరికచ్చి కనకవ్వను లేపవోయిండు. ఆమె చెయ్యి ఇదిలిచ్చుకున్నది.

"గుర్రుమంటుంటే మీదికి తోలుకస్తవారా దాన్ని?"

"ఎక్కడ గుర్రుమన్నది అత్తా? సప్పుడే చెయ్యలే."

"ముందుగాల కుయ్యి కుయ్యి అన్నది. ఎనుక గుర్రుమన్నది. ఒకపారి కాదు, రెండుపార్లు. నేను ఇని ఆగిన. నువ్వేమో పెండ్లికి అస్తున్నట్టు నవ్వుకుంట అచ్చినవు."

"లేదత్తా. అది గుర్రుమనలే. నా పక్కనే ఉన్నది, నాకు తెల్వదా?"

"అంటే నేను అబద్ధమాడుతున్ననా?"

"అబద్ధమంటలే. నీకు గట్ల అనిపిచ్చింది కావచ్చు."

అది అనకుండ ఉండాల్సింది. కనకవ్వ మొఖం మాడిపోయింది. పడ్డదానికంటె ఆ మాటకు ఎక్కువ నొచ్చుకున్నది. గల్లీ పెద్దమనిషి రాజనర్సు అక్కడనే ఉన్నడు. ఆయన గంగారాంకు బావ వరుస. కనకవ్వ ఆయన దిక్కు తిరిగింది.

"రాజనర్సూ, నేను ఏలిముద్ర ఎయ్య. కుక్క గుణం ఒక్కటే సూస్తే సరి కాదు. గుర్రుమన్నదాన్ని గుర్రుమనలే అనే మనిషి చేతుల ఆ కుక్క ఉండద్దు."

కనకవ్వ ఎయ్యనంటే పెట్టినోళ్లు సుత ఎనుకకు పోతరు. మాపటికే ఇద్దరు సంధ్యారాణిని అడిగిండ్రు, మా సంతకం కొట్టేస్తవా బిడ్డా అని. రాజనర్సు ఆదివారం దాక టైం ఇచ్చిండు. ఆదివారం పొద్దున అందరం కూసుందాం, కనకవ్వ ఒప్పుకుంటే సరే, లేకుంటే కుక్క గల్లీల ఉండద్దు.

గంగారాం కుక్కనమ్మిన భాయికి ఫోన్ చేయించిండు. సంధ్యారాణి మాట్లాడింది. వాపస్ తీస్కుంట గానీ ఇంత పెద్దదైనంక ఎవరూ ఇంట్ల పెంచుకోరన్నడు భాయి. హజీరా దిక్కు గోదాముల కాడికి పంపుతడట. ఆడ పగలంత గొలుసుకు ఉంటయట.

సంధ్యారాణి ఫోను పెట్టేసి లోపటికి పోయింది. అన్నం తినలే. బుగ్గడు ఊర్మిళ చీరెల మూటకు ఈపు ఆనిచ్చి పండుకుంటడు. ఆమె స్టోన్లు అతికిచ్చుకుంట కాలి బొటనయేలుతోని వాని కడుపు గోకుతది. రోజు గట్లనే. ఆనాడు గోకుడు ఆపలే.

గురువారం కార్ఖాన సుట్టి. గంగారాం గడపల కూసొని బుగ్గని ఈపు మీద చెయ్యేసిండు. ఎట్ల చేద్దుమని ఆలోచన. ఆలోచిస్తుంటే చేతి కింద ఏదో తెలిసింది.

పదిహేడు నంబరు సాంచ బేరింగు లూజైనప్పుడు, చట్రం మీద అరచెయ్యి పెడితే సన్నగ అదురుతది. కంటికి కనబడది. ఎనభై సాంచలు నడిసే షెడ్డుల చెవికి ఎట్లనూ ఇనబడది. మాస్టర్ అయినోనికి చేతికే తెల్వాలె. గసొంటి అదురే కుక్క ఈపుల ఉన్నది.

గంగారాం తల ఎత్తిండు. గేటు బయట దేవదాస్ నిలవడి ఉన్నడు. వాడు అదే కార్ఖానల సాంచలు నడుపుతడు, ఊరోడే.

"మాస్టర్, కుక్కను కట్టేసినవా? లోపటికి రావాల్నా, వద్దా?"

గంగారాం ఊర్మిళ దిక్కు తిరిగిండు. "ఇది ఇప్పుడు గుర్రుమంటుందా?"

"దేవదాస్ మూల మలిగిన కాడికెళ్లి అంటనే ఉన్నది."

గంగారాం చెయ్యి తీసిండు. ఏం లేదు. గల్లీ అంత సప్పుడు లేనట్టే ఉన్నది. చెయ్యి పెట్టిండు. అదురు ఉన్నది. తీసిండు. లేదు. మళ్ల పెట్టిండు.

"దేవదాసూ, నీకు ఇనబడుతుందా?"

"ఇనబడబట్టే గదా మాస్టర్ గేటు కాడ నిలవడ్డ."

"నాకు ఇనబడతలేదు" అన్నడు గంగారాం.

ఊర్మిళ చీరె మీదికెళ్లి తల ఎత్తలే. స్టోను మీద ఏలు నొక్కిపట్టి, "నాకు ఎరుకే" అన్నది.

"ఎప్పటిసంది?"

"సంధ్య ఏడో తరగతిల ఉన్నప్పటిసంది."

"మరి నాకు చెప్పవైతివి?"

"చెప్పిన. నీకు ఇనబడలే."

దేవదాస్ ఫక్కున నవ్విండు.

"నువ్వు సాంచల మీదికి అచ్చి ఎన్నేండ్లాయెరా?" అన్నడు గంగారాం.

"పన్నెండు."

"మరి నవ్వకు."

దేవదాస్ నవ్వు ఆపిండు.

గంగారాం సాంచల మీదికి అచ్చి ఇరవై ఎనిమిదేండ్లు. షెడ్డుల ఎవడూ నోటితోని మాట్లాడడు, మాట్లాడినా ఇనబడది. అంతా చేతులే. అరచెయ్యి నేల దిక్కు పెట్టి కిందికి అంటే సాంచ ఆపు. చేతి రెండేళ్లు కత్తెర లెక్క ఆడిస్తే పోగు తెగింది. బొటనయేలు నోటికి సూపితే చాయ్. సూపుడేలు గిర్రున తిప్పితే సేట్ అస్తున్నడు, బీడీ ఆర్పు. అందుకే అక్కడ ఆయన చెవుల సంగతి ఎవరికీ తెల్వలే. ఇంట్లనేమో అందరు ఆయనతోని జోరుగ మాట్లాడుడు అలవాటు చేసుకున్నరు. కుక్కర్ సీటీలు, ఫోను మోగుడు, అన్ని ఊర్మిళనే సూసుకునేది. ఆయనకు ఏది తక్కువ పడలే. కుక్క అచ్చేదాక.

బుగ్గడు ఎనిమిది నెలల సంది చెప్తనే ఉన్నడు. భయమైతే కుయ్యిమన్నడు, వద్దనుకుంటే గుర్రుమన్నడు. పట్టుకున్న మనిషి ఇనకుండ ముంగటికే నడిసిండు. అప్పుడు వానికి తోచింది వాడు చేసిండు. పైకెళ్లి చెవిల అరుపులు.

ఆ సంగతి గంగారాంకు అర్థమైనంక చాయ్ సుత తాగలే. లేసి బుగ్గని ముంగట నిలవడ్డడు. నోరు తెరువలే. అరచెయ్యి నేల దిక్కు పెట్టి, సాంచ ఆపమన్నట్టు, కిందికి అన్నడు.

బుగ్గడు చెయ్యి దిక్కు సూసిండు. గోడ దిక్కు సూడలే. చెవులు ముంగటికి అచ్చినయి. కూసోలే గానీ ఆవులియ్యలే.

"ఇట్ల కాదు బాపు" అని సంధ్యారాణి లోపటికెళ్లి రొట్టె ముక్క తెచ్చింది. కుక్క ముక్కు మీదికెళ్లి ముక్కను ఎనుకకు తీస్కపోయింది. ముక్కను సూసుకుంట బుగ్గని ఎనుకభాగం దానంతట అదే నేలకు ఆనింది. అప్పుడు గంగారాం చెయ్యి సైగ, ఎనుకనే ముక్క. పదిపార్లు. ఇరవైపార్లు. దేవదాస్ గేటు బయట నిలవడే సూసిండు. వానికి చాయ్ అక్కడికే పంపిండ్రు.

శుక్రవారం డ్యూటీకి పోయేముందు, అచ్చినంక. శనివారం గట్లనే. ఇంట్ల ముగ్గురు ఒక్కటే సైగ చేయాలని సంధ్యారాణి రూలు పెట్టింది. బెల్టు బిగిచ్చుడు బంద్. గంగారాం ఇంకోటి సొంతంగ పట్టిండు. బెల్టును పొట్టిగ చేసి, మడిసి, కుక్క మెడ దగ్గర పట్టుకుంటే ఆ అదురు పట్టీలకెళ్లి చేతి ఏళ్లకు అస్తది. అదురు రాకముందు ఈపు మీద వెంట్రుకలు లేస్తయి. వెంట్రుకలు లేవకముందు చెవులు బిగుస్తయి. నేసే గుడ్డ మీద తెగిన పోగును వెదికే కండ్లు ఆయనయి. సూడుమంటే సూడగలడు. ఇన్నొద్దులు సూడలే, అంతే.

అయినా బుగ్గడు బుగ్గడే. సైగ చేయంగనే కూసోడు. ఒకపారి చెయ్యి సూస్తడు, ఒకపారి మనిషిని సూస్తడు, ఇదేమన్న పనికచ్చే మాటేనా అన్నట్టు. అప్పుడు కూసుంటడు. శనివారం మాపటికి పదిట్ల ఏడుపార్లు కూసున్నడు. మూడుపార్లు కూసోలే.

ఆదివారం పొద్దున రాజనర్సు ఇంటి ఓట్లా మీద, ఆ అరుగు మీదనే, గల్లీ పెద్దలు కూసున్నరు. కనకవ్వ మణికట్టుకు పట్టీ కట్టుకొని అచ్చింది. గంగారాం బుగ్గన్ని పట్టుకొని జరంత దూరం నిలవడ్డడు. పక్కన ఊర్మిళ. సంధ్యారాణి చేతుల సంతకాల కాయితం.

రాజనర్సు మొదలువెట్టకముందే కనకవ్వ అడిగింది. "ముందుగాల ఒక్కటి చెప్పు గంగారాం. ఆనాడు కుక్క గుర్రుమన్నదా, లేదా?"

గల్లీల అందరు ఆయన దిక్కు సూస్తున్నరు. దేవదాస్ ఉన్నడు. జోల్వ కార్ఖానల పనిచేసేటోళ్లు ఇంకో నలుగురున్నరు. మాస్టర్‌కు చెవులు పోయినయంటే రేపటికి షెడ్డు అంత తెలుస్తది. ఎల్లుండికి సేట్‌కు తెలుస్తది. ఆ లెక్క ఆయనకు తెల్వదా? తెలుసు. ఊర్మిళకు సుత తెలుసు. ఆమె నేల సూసింది.

"నాకు తెల్వదత్తా" అన్నడు గంగారాం. "నాకు ఇనబడలే. నాకు చెవులు పోయినయి. మొన్న గురువారం దాక నేనే ఒప్పుకోలే. నువ్వు రెండుపార్లు గుర్రుమన్నదంటే రెండుపార్లు అన్నట్టే. నీకు గట్ల అనిపిచ్చిందన్న సూడు, ఆ మాట తప్పు."

"ఆఁ? ఏమంటున్నడు?" అన్నడు రాజనర్సు, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకొని. ఆయనా ముప్పై ఏండ్లు సాంచలు నడిపినోడే.

గల్లీ అంత నవ్వింది. కనకవ్వ నవ్వలే. లేసింది. "ఊర్మిళా, ఒక పల్లెం ఇయ్యి" అన్నది. ఊర్మిళ పల్లెం ఇచ్చింది. కనకవ్వ దాన్ని ఎడమ చేతుల పట్టుకొని, తన ఇంటి మూల దాక పోయి, ఎనుకకు మలిగి, ఆనాడు ఎట్ల అచ్చిందో గట్లనే నడిసింది.

బుగ్గని చెవులు బిగుసుకున్నయి. గంగారాం సూసిండు. ఈపు మీద వెంట్రుకలు లేసినయి. గంగారాం ఆగిండు. ఏళ్లకు అదురు అచ్చింది.

"గుర్రుమంటుందత్తా" అన్నడు గంగారాం. "జర ఆగు."

కనకవ్వ ఆగింది. గంగారాం కుక్కను పక్కకు తిప్పి, తాను ఆమెకు దానికి నడుమ నిలవడ్డడు. అరచెయ్యి నేల దిక్కు పెట్టి కిందికి అన్నడు. బుగ్గడు చెయ్యి సూసిండు. కనకవ్వను సూసిండు. పల్లెం సూసిండు. మళ్ల చెయ్యి సూసిండు. సంధ్యారాణి కాయితాన్ని పిడికిట్ల నలిపేసింది. గంగారాం చెయ్యి కదిలియ్యలే, నోరు తెరువలే. సాంచ ఆగేదాక నిలవడ్డట్టు నిలవడ్డడు.

బుగ్గడు కూసున్నడు.

"ఎంతసేపు ఆలోచిస్తదిరా ఇది" అన్నది కనకవ్వ. "పల్లెంల సర్వపిండి ఉంటే సల్లారిపోవు."

"మొండి జాతి అత్తా" అన్నడు గంగారాం.

"నువ్వేం తక్కువనా?" ఆమె అరుగు మీద కూసున్నది. "ఇనుండ్రి. ఒకటి, ఇనబడే మనిషి పక్కన లేకుండ వీడు కుక్కను గల్లీలకు తేవద్దు. ఊర్మిళ రానీ, సంధ్య రానీ. రెండు, ఈ నెలల చెవుల డాక్టర్ దగ్గరికి పోవాలె. పోయిన చీటి నాకు సూపాలె. మూడు, నా సర్వపిండి నాకు రావాలె. మొత్తం పల్లెం మోరీల పోయింది."

"మరి ఏలిముద్ర?" అన్నది సంధ్యారాణి, కాయితాన్ని తొడ మీద సాపు చేసుకుంట.

"గుర్రుమనలే అన్ననాడు ఎయ్యనన్న. ఇయ్యాల గుర్రుమంటుంది, ఆగు అన్నడు. ఇంకేంది? సిరా తే."

ఎడమ బొటనయేలు పెట్టింది.

ఊర్మిళ ఆ మాపటికే బియ్యప్పిండి కలిపింది. గంగారాం డాక్టర్ దగ్గరికి పోయిండు, చీటి తెచ్చి కనకవ్వకు సూపిచ్చిండు. రెండు చెవులల్ల మిషిన్లు పెట్టుకోవాలన్నరట. సేట్‌కు మూడోనాడే తెలిసింది. పనిల తేడా ఉన్నదా అని అడిగిండట, లేదన్నరట, సరే అన్నడట.

రెండు నెలలకు దేవదాస్ ఇంటికి అచ్చిండు. బుగ్గడు గుర్రుమన్నడు. గంగారాం సైగ చేసిండు. బుగ్గడు కొంత ఆలోచించి కూసున్నడు. దేవదాస్ లోపటికి అచ్చి గోడకు ఆనుకున్నడు.

"మాస్టర్, నాకు సుత గిసొంటి కుక్క కావాలె. ఆ ఫారం యాడనో చెప్పు."

"ఇంతకుముందు పెంచినవా?"

"లే."

గంగారాం చెవిలున్న మిషిన్‌ను ఏలుతోని సదురుకున్నడు. బుగ్గడు ఆయన కాలు మీద మూతి పెట్టి ఊపిరి ఇడిసిండు. ఆ ఊపిరి సప్పుడు ఇప్పుడు ఆయనకు ఇనబడుతది.

"కామ్రేజ్ దాటినంక ఎడమకు మలుగు" అన్నడు. "ముందుగాల మీ ఇంట్ల ఎవలు పెంచుతరో వాళ్లను తోలుకపో. నీళ్ల సీస పట్టుకపోకు. భాయి ఏది ఇస్తే అది తెచ్చుకో. ఎనుక గోడకు ఒకటి పండుకొని ఉంటది సూడు, కన్ను తెరిసి మళ్ల నిద్రవోయేది. ఉంటే అదే తీస్కో."

"మరి నువ్వెందుకు గిది తెచ్చినవు?"

"నేను తప్పు ఏరిన" అన్నడు గంగారాం. బొటనయేలు నోటి దిక్కు సూపి ఊర్మిళకు చాయ్ సైగ చేసిండు. ఊర్మిళ రెండేళ్లు సూపింది, ఇద్దరికేనా అని. గంగారాం తల ఊపిండు. బుగ్గడు ఇద్దరి చేతులూ సూసి, తన పని కాదని మళ్ల మూతి ఆనిచ్చిండు.